పాఠం 9: అడిగిందే మళ్లీ అడిగితే – కొత్తవారి ప్రశ్నలు, పాతవారి జవాబులు

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఈ క్రింది పనులు చేయగలుగుతారు.

– కొత్తగా వచ్చినవారు ఒకే ప్రశ్నను ఎందుకు మళ్లీ మళ్లీ అడుగుతారో వివరించగలుగుతారు.
– ప్రశ్నలను రకాలుగా విభజించి, ఏ రకానికి ఎలా జవాబు చెప్పాలో నిర్ణయించగలుగుతారు.
– మీ బృందానికి పనికివచ్చే ‘జవాబుల అట్ట’ ఒకటి తయారు చేయగలుగుతారు.
– సంకోచం లేకుండా, స్పష్టంగా ప్రశ్న అడగగలుగుతారు.

9.1 ప్రస్తావన

మీరు ఏదైనా పని కొత్తగా నేర్చుకున్న రోజులను ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి. అది సైకిలు తొక్కడం కావచ్చు, కుట్టు మిషను మీద కుట్టడం కావచ్చు, డప్పు వాయించడం కావచ్చు. ఆ రోజుల్లో ఎవరో ఒకరిని మీరు ప్రశ్నలు అడిగే ఉంటారు. ఆ ప్రశ్న మీకు కొత్తది. విన్నవారికి మాత్రం పాతదే. మీకంటే ముందు వచ్చినవారు అదే అడిగారు. మీ తరువాత వచ్చేవారూ అదే అడుగుతారు.

అడిగేవారికి మొదటిసారి, చెప్పేవారికి వందోసారి. ఈ తేడా వల్లనే విసుగు పుడుతుంది. “ఇది కూడా తెలియదా?” అన్న మాట నోటివెంట వస్తుంది. ఆ ఒక్క మాటకు కొందరు నేర్చుకోవడమే మానేస్తారు. మరికొందరు నేర్చుకోవడం మానరు గాని, అడగడం మానేస్తారు. ఈ రెండవది మరింత ప్రమాదం. ఎందుకో ఈ పాఠంలో చూద్దాం. ఇందుకు సూరత్ నగరంలోని గాలిపటాల పండుగను ఉదాహరణగా తీసుకుందాం.

9.2 సూరత్ మేడల మీద

గుజరాత్‌లో తాపీ నది ఒడ్డున ఉన్న సూరత్ బట్టల పరిశ్రమకు, వజ్రాల సానకు పేరు పొందిన నగరం. అక్కడి మరమగ్గాల మీద పని చేయడానికి తెలంగాణ నుంచి ఎన్నో నేత కుటుంబాలు వలస వెళ్లాయి. వీరిలో పద్మశాలీలు ఎక్కువ. లింబాయత్ ప్రాంతంలో తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు నడుపుతోందంటే, అక్కడ మనవారు ఎంతమంది ఉన్నారో మీరు ఊహించవచ్చు.

ఏటా జనవరి 14న గుజరాత్ అంతటా ఉత్తరాయణ్ పండుగ జరుగుతుంది. మరునాడు 15న ‘వాసీ ఉత్తరాయణ్’. ఈ రెండు రోజులూ సూరత్‌లో జనమంతా మేడల మీదే ఉంటారు. ఉంధియూ అనే కూర, జిలేబి, నువ్వుల చిక్కీ అన్నీ పైకే వస్తాయి. ఒకరి దారం మరొకరి దారాన్ని తెంపగానే “కాయ్పో ఛే!” అని కేకలు లేస్తాయి. దారం చుట్టిన చరఖాను అక్కడ ‘ఫిర్కీ’ అంటారు. సూరత్ మాంజాకు గుజరాత్ అంతటా పేరుంది. నూలు దారానికి గంజి, రంగు, గాజుపొడి కలిపిన ముద్ద పట్టించి ఆరబెడితే అది మాంజా అవుతుంది.

ఇప్పుడు ఒక సంగతి గమనించండి. గాలిపటం మన ఊళ్లలోనూ ఎగురుతుంది. అయినా సిరిసిల్ల నుంచో, కరీంనగర్ నుంచో తొలిసారి సూరత్ చేరిన యువకుడికి ఆ మేడ మీద అన్నీ ప్రశ్నలే. “మన సంక్రాంతి ఒక్కో ఏడు 15న వస్తుంది కదా, ఇక్కడ 14నే ఎందుకు?” “కిన్నా అంటే ఏమిటి?” “ఏ దారం కొనాలి?” “నా పతంగి ఎందుకు గిరగిరా తిరుగుతోంది?” ఏటా జనవరి వస్తుంది, ఏటా కొత్తవారు వస్తారు, ఏటా ఇవే ప్రశ్నలు వస్తాయి.

9.3 ఒకే ప్రశ్న ఎందుకు మళ్లీ మళ్లీ వస్తుంది?

దీనికి ముఖ్యంగా నాలుగు కారణాలు ఉన్నాయి.

ఒకటి: మనుషులు మారుతుంటారు. ప్రశ్న అదే కాని, అడిగే మనిషి వేరు. బడిలో ఒకటవ తరగతి పంతులుగారు ఏటా ‘అ ఆ’లతోనే మొదలుపెడతారు. పోయిన ఏడు చెప్పాను కదా అని మానుకోరు.

రెండు: జవాబు ఎక్కడా కనిపించదు. పాతవారికి తెలిసినదంతా వారి చేతుల్లోనూ, తలలోనూ ఉంటుంది. కొత్తవారు చూసి చదువుకోవడానికి ఏదీ ఉండదు. కాబట్టి అడగక తప్పదు.

మూడు: తెలిసినవారికి తెలియనితనం గుర్తుండదు. పదేళ్లుగా గాలిపటం ఎగురవేసినవారికి కిన్నా కట్టడం చెప్పులు వేసుకున్నంత తేలిక. అందువల్ల వారు “రెండు చోట్ల ముడి వెయ్యి, అంతే” అంటారు. ఏ రెండు చోట్లో చెప్పరు. సగం జవాబు విన్నవారు మిగతా సగం కోసం తిరిగి వస్తారు. అది అడిగేవారి లోపం కాదు. జవాబులోని లోపం.

నాలుగు: పైకి ఒకేలా ఉన్న ప్రశ్నల వెనుక వేరు వేరు ఇబ్బందులు ఉంటాయి. “నా పతంగి లేవడం లేదు” అని ముగ్గురు అన్నారనుకోండి. ఒకరి కిన్నా సరిగా లేకపోవచ్చు. ఒకరు గాలికి ఎదురుదిక్కున నిలబడి ఉండవచ్చు. ఇంకొకరు నీటిట్యాంకు చాటున, గాలి తగలని చోట నిలబడి ఉండవచ్చు. మాట ఒకటే, మందు మూడు రకాలు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1

1. “సగం జవాబు” అంటే ఏమిటి? మీ అనుభవం నుంచి ఒక ఉదాహరణ రాయండి.
2. ఒకే మాటల్లో వచ్చిన ప్రశ్నకు వేరు వేరు జవాబులు ఎందుకు అవసరం కావచ్చు?

9.4 ప్రశ్నలలో రకాలు

అన్ని ప్రశ్నలకూ ఒకే తీరున జవాబు చెప్పబోతే అలసట మిగులుతుంది. ముందు ప్రశ్న ఏ రకానిదో గుర్తించాలి.

(అ) సమాచార ప్రశ్నలు: వీటికి జవాబు ఎవరు చెప్పినా ఒకటే. “పండుగ ఏ తేదీన?” “ఫిర్కీ అంటే ఏమిటి?” వంటివి. ఇలాంటి జవాబులను ఒకసారి రాసి పెడితే చాలు.

(ఆ) నైపుణ్య ప్రశ్నలు: వీటికి మాటలు చాలవు. ఉదాహరణకు, “గాలిపటాన్ని కుడికి ఎలా తిప్పాలి?” అన్న ప్రశ్న చూడండి. పోటీకి వాడే గాలిపటానికి తోక ఉండదు. దారం వదులు చేస్తే అది తన చుట్టూ తాను తిరుగుతుంది. దారం లాగితే, కమానుపుల్ల వెనక్కి వంగి, ముక్కు ఎటు ఉంటే అటు దూసుకుపోతుంది. కనుక ముక్కు కుడికి తిరిగేదాకా వదులు చేసి, తిరగగానే లాగాలి. చెప్పడానికి ఇంతే. చేతికి రావడానికి మాత్రం కొన్ని గంటలు పడుతుంది. ఇక్కడ చెప్పేవారు పక్కన నిలబడి, కొత్తవారి చేతికే దారం ఇవ్వాలి. దారం లాక్కుని తామే ఎగురవేసి చూపిస్తే చూసేవారికి వినోదం కలుగుతుంది గాని విద్య రాదు.

(ఇ) పరిస్థితిని బట్టి మారే ప్రశ్నలు: వీటికి జవాబు చెప్పే ముందు ఎదురు ప్రశ్న వేయాలి. ఈ సంభాషణ చదవండి.

“అన్నా, నా పతంగి గిరగిర తిరుగుతున్నది. ఏం చెయ్యాలె?”
“ఎటు దిక్కు వాలుతున్నది తమ్మీ?”
“ఎడమ దిక్కు.”
“ఎప్పుడూ ఎడమ దిక్కేనా, ఒక్కోసారి కుడి దిక్కు కూడానా?”
“ఎప్పుడూ ఎడమ దిక్కే అన్నా.”
“అయితే ఆ దిక్కు బరువెక్కువ ఉన్నట్టు. కుడి రెక్క కొసకు జరంత దారం చుట్టు. రెండు దిక్కులూ సమానమైతయి. అట్లయినా తిరిగితే కిన్నా విప్పి చూద్దాం.”

ఇక్కడ అన్న రెండే ప్రశ్నలు అడిగాడు. ఆ రెండింటితో లోపం ఎక్కడుందో తేలింది. అంతేకాదు, తరువాతిసారి ఏమి గమనించాలో తమ్ముడికి కూడా తెలిసింది. మంచి ఎదురు ప్రశ్న జవాబులో సగభాగం.

(ఈ) ప్రాణానికి సంబంధించిన ప్రశ్నలు: వీటిని వేయిసార్లు అడిగినా వేయిసార్లూ పూర్తిగా, ఓపికగా చెప్పాలి. “చెప్పాను కదా” అన్న మాట ఇక్కడ పనికిరాదు.

ఇందుకు ఒక కారణం ఉంది. నూలు దారం అంత తేలికగా తెగని నైలాను దారాన్ని జనం ‘చైనా మాంజా’ అంటారు. అది రోడ్డుకు అడ్డంగా వేలాడితే ద్విచక్ర వాహనం మీద వెళ్లేవారి మెడ కోసుకుపోతుంది. ఇలా ప్రాణాలు పోయిన సంఘటనలు మన దేశంలో అనేకం. పక్షుల సంగతి చెప్పనక్కరలేదు. నేలమీద పడినా ఆ దారం కుళ్లిపోదు. లోహపు పొడి పట్టించిన దారమైతే విద్యుత్తును కూడా ప్రవహింపజేస్తుంది. 2017 జూలైలో జాతీయ హరిత ట్రిబ్యునల్ నైలాను, ఇతర కృత్రిమ మాంజాలను దేశమంతటా నిషేధించింది. వాటిని తయారు చేయడం, అమ్మడం, నిల్వ చేయడం, కొనడం, వాడడం అన్నీ నిషిద్ధమే. సూరత్‌లో పండుగ రోజులు దగ్గరపడగానే ఎంతోమంది తమ బండి ముందు భాగానికి వంపు తిరిగిన ఇనుప తీగ బిగించుకుంటారు. మెడకు దారం తగలకుండా అది అడ్డుకుంటుంది.

ఇప్పుడు ఆలోచించండి. “ఏ దారం కొనాలి?” అని కొత్తవాడు అడిగాడు. పాతవారు నవ్వారు. అతడు సిగ్గుపడి మళ్లీ అడగలేదు. దుకాణంలో “తెగని దారం” అని చూపించినదే కొన్నాడు. ఆ నవ్వు ఖరీదు దారిన పోయే మరొకరు చెల్లించవలసి రావచ్చు. అడగడం మానేయడం మరింత ప్రమాదం అని 9.1లో చెప్పినది ఇందుకే.

9.5 జవాబు చెప్పేవారు పాటించవలసిన పద్ధతులు

1. ముందు జవాబు, తరువాత సలహా: అడిగినదానికి ఒకటి రెండు వాక్యాల్లో జవాబు చెప్పండి. “ముందే చూసుకుని రావద్దా?” వంటి మందలింపుతో మొదలుపెట్టకండి. మందలింపు విన్న చెవికి జవాబు వినపడదు.

2. ఒకేసారి అంతా చెప్పకండి: కిన్నా గురించి అడిగినవారికి గాలిపటం చరిత్ర చెబితే కిన్నా కూడా మరచిపోతారు. నేటికి ఎంత అవసరమో అంతే చెప్పండి.

3. తిరిగి చెప్పించండి: “సరే, ఇప్పుడు నువ్వు కట్టు, నేను చూస్తాను” అనండి. తలూపినంత మాత్రాన అర్థమైనట్టు కాదు.

4. పోయిన ఏటి కొత్తవారికి ఈ పని అప్పగించండి: పోయిన సంవత్సరం నేర్చుకున్నవారికి ఎక్కడ తడబడ్డారో ఇంకా గుర్తుంటుంది. ఇరవై ఏళ్ల అనుభవజ్ఞుడికంటే వారి మాటే కొత్తవారికి తొందరగా అర్థం కావచ్చు. చెప్పడం వల్ల వారి విద్య కూడా గట్టిపడుతుంది. పెద్దవారు పక్కనే ఉండి తప్పు దొర్లితే సరిదిద్దితే చాలు.

5. వంతులు వేసుకోండి: ఎంత మంచివారికైనా ఓపికకు ఒక హద్దు ఉంటుంది. తమ సరదా కోసం మేడ ఎక్కినవారు రోజంతా జవాబులే చెబుతూ కూర్చోవాలనడం న్యాయం కాదు. ఉదయం ఒకరు, మధ్యాహ్నం ఒకరు అనుకుంటే ఎవరికీ భారం కాదు. అలసినవారు “ఇప్పుడు ఆ వదినను అడుగు, బాగా చెబుతుంది” అనవచ్చు. అది తప్పించుకోవడం కాదు, దారి చూపడం.

6. తెలియకపోతే తెలియదనండి: ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు పిప్పలాద మహర్షి దగ్గరకు వస్తారు. ఆయన వారిని ఒక సంవత్సరం నియమంతో తన దగ్గర ఉండమని, ఆ తరువాత అడగమని, తనకు తెలిసినదైతే చెబుతానని అంటాడు. అంతటి గురువు కూడా ‘తెలిస్తే’ అన్న మాట వాడాడు. అయితే ఏడాది ఆగమనడం వేదాంతానికి తగును గాని, విద్యుత్ తీగ పక్కన నిలబడినవాడికి తగదు. అతనికి వెంటనే చెప్పాలి.

9.6 జవాబుల అట్ట

మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలను రాసి పెట్టడం అన్నిటికంటే తేలికైన ఉపాయం. పాత క్యాలెండరు అట్ట ఒకటి, లావు పెన్ను ఒకటి చాలు. పండుగకు ముందు వచ్చే ప్రశ్నలను వారం రోజులపాటు ఒక కాగితం మీద గీతలు పెట్టి లెక్కించండి. ఎక్కువ గీతలు వచ్చినవి అట్ట మీదికి ఎక్కాలి. నమూనా ఇదిగో:

ఏ దారం కొనాలి? – నూలు దారమే. నైలాను దారం నేరం, ప్రమాదం.

కిన్నా ఎక్కడ కట్టాలి? – నిలువు పుల్ల, కమానుపుల్ల కలిసే చోట ఒక ముడి. నిలువు పుల్ల మీదనే క్రింది భాగంలో రెండవ ముడి. మొదట రెండు దారాలూ సమానంగా ఉంచండి. గాలిని బట్టి తరువాత సరిచేసుకోవచ్చు.

వేళ్లు కోసుకుంటే? – ఎగురవేయకముందే వేళ్లకు బట్ట అతుకు పట్టీ చుట్టుకోండి.

ఎక్కడ నిలబడాలి? – పిట్టగోడకు దూరంగా. పైకి చూస్తూ వెనక్కి అడుగులు వేయకండి. పిట్టగోడ లేని మేడ ఎక్కకండి.

తీగలకు చిక్కితే? – అది ఇక మీది కాదు. లాగకండి, కర్రతో గాని ఇనుప కడ్డీతో గాని తీయకండి. తీగ తెగినా, నిప్పురవ్వలు వచ్చినా విద్యుత్ సంస్థకు తెలియజేయండి. సూరత్ నగరంలో టోరెంట్ పవర్, చుట్టుపక్కల ప్రాంతాల్లో దక్షిణ గుజరాత్ విజ్ కంపెనీ విద్యుత్ సరఫరా చేస్తున్నాయి.

పక్షికి దెబ్బ తగిలితే? – దారం గట్టిగా లాగకండి. గాలి ఆడే అట్టపెట్టెలో ఉంచి 1962 నంబరుకు ఫోను చేయండి. గుజరాత్ ప్రభుత్వం 2017 నుంచి ఏటా ఈ పండుగ రోజుల్లో ‘కరుణా అభియాన్’ పేరుతో గాయపడిన పక్షులకు చికిత్స చేయిస్తోంది. పక్షులు గూళ్ల నుంచి వెళ్లే, గూళ్లకు చేరే వేళల్లో, అంటే తెల్లవారుజామున, సాయంకాలం, గాలిపటాలు దించి ఉంచండి.

అట్ట రాసేటప్పుడు మూడు జాగ్రత్తలు పాటించండి. అక్షరాలు పెద్దవిగా ఉండాలి. ప్రశ్నను కొత్తవారి మాటల్లోనే రాయాలి. ఏటా ఒకసారి సరిచూసి, మారినవాటిని దిద్దాలి. అట్ట ఉన్నంత మాత్రాన నోరు మూసుకోకూడదు. చదవడం రానివారు, తెలుగు లిపి తెలియని పిల్లలు మీ మేడ మీద ఉండవచ్చు. సూరత్‌లో పుట్టి ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో గుజరాతీ చదివే పిల్లలు ఉంటారు. వారికి చదివి వినిపించాలి. “అట్ట మీద ఉంది, పోయి చూసుకో” అంటే అట్ట కూడా గోడ అవుతుంది. “రా, ఇద్దరం చూద్దాం” అంటే అదే తలుపు అవుతుంది.

9.7 అడిగేవారు పాటించవలసినవి

జవాబు చెప్పేవారికే కాదు, అడిగేవారికీ కొన్ని బాధ్యతలు ఉన్నాయి.

– ముందు ఒకసారి చూడండి, ఒకసారి ప్రయత్నించండి. ప్రమాదం ఉన్న చోట మాత్రం ప్రయత్నించకముందే అడగండి.
– “రావడం లేదు” అనకండి. ఏమి చేశారో, ఏమి జరిగిందో చెప్పండి. “కిన్నా సమానంగా కట్టాను, అయినా ఎడమకు వాలుతోంది” అన్న ప్రశ్నకు జవాబు వెంటనే దొరుకుతుంది.
– జవాబు విని పని చేసిన తరువాత ఫలితం చెప్పండి. చెప్పినవారికి అదే ప్రతిఫలం.
– మీరు నేర్చుకున్నది తరువాత వచ్చినవారికి చెప్పండి.

వయసు వచ్చిన తరువాత చదువు మొదలుపెట్టినవారికి ఒక ఇబ్బంది ఉంటుంది. చిన్నపిల్లలు అడిగితే ముద్దుగా ఉంటుంది, మనం అడిగితే నలుగురూ నవ్వుతారేమో అన్న జంకు అది. మీ అధ్యయన కేంద్రంలో కూడా ఈ జంకు మీకు ఎదురై ఉండవచ్చు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. తరగతిలో ఒకరు ధైర్యం చేసి అడిగినప్పుడు, అదే సందేహంతో మౌనంగా కూర్చున్న మరికొందరికి కూడా జవాబు దొరుకుతుంది. మీరు అడిగేది మీ ఒక్కరి కోసమే కాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2

1. ఈ క్రింది ప్రశ్నలు ఏ రకానికి చెందినవో రాయండి.
(క) మరమగ్గం నడుస్తుండగా తెగిన పోగు ముడి వేయవచ్చా?
(చ) చపాతీ గుండ్రంగా ఎలా చేయాలి?
(ట) పరీక్ష రుసుము చెల్లించడానికి చివరి తేదీ ఏది?
(త) నా మొక్క ఆకులు ఎందుకు పసుపు రంగుకు మారుతున్నాయి?

2. “నా కుట్టు మిషను పని చేయడం లేదు” అన్న వాక్యాన్ని జవాబు చెప్పడానికి వీలైన ప్రశ్నగా మార్చి రాయండి.

9.8 సారాంశం

కొత్తవారు వస్తున్నంతకాలం పాత ప్రశ్నలు వస్తూనే ఉంటాయి. అవి ఆగిపోయాయంటే కొత్తవారు రావడం మానేశారని గాని, అడగడానికి భయపడుతున్నారని గాని అర్థం. రెండూ మంచివి కావు. సమాచార ప్రశ్నలకు రాసి పెట్టిన జవాబు, నైపుణ్య ప్రశ్నలకు పక్కన నిలబడే మనిషి, పరిస్థితిని బట్టి మారే ప్రశ్నలకు ఎదురు ప్రశ్న, ప్రాణానికి సంబంధించినవాటికి ఎన్నిసార్లయినా పూర్తి జవాబు అవసరం. పని పంచుకుంటే విసుగు తగ్గుతుంది.

9.9 అభ్యాసం

1. మీరు పని చేసే చోట గాని, మీ వాడలో గాని కొత్తవారు తరచుగా అడిగే ఐదు ప్రశ్నలు సేకరించండి. వాటిని రకాలుగా విభజించి, ఒక జవాబుల అట్ట తయారు చేయండి. దానిని ఒక కొత్తవారి చేత చదివించి, అర్థం కాని మాటలను మార్చండి.
2. “చెప్పాను కదా” అన్న మాట ఏ సందర్భాల్లో ప్రమాదకరమో పది వాక్యాల్లో రాయండి.

సరిచూసుకోండి – 2, మొదటి ప్రశ్నకు జవాబులు: (క) ప్రాణానికి సంబంధించినది, (చ) నైపుణ్య ప్రశ్న, (ట) సమాచార ప్రశ్న, (త) పరిస్థితిని బట్టి మారే ప్రశ్న. నీరు ఎక్కువైందా, తక్కువైందా, ఎండ తగులుతోందా అని ముందు మీరు అడగాలి.